కాలేజీలో డ్రాయింగు మేస్టారి బతుకు ఎలా ఉంటుందంటే

మీ అమ్మాయి ఇంటర్ అయ్యాక బి.ఎఫ్.ఏ. (చిత్రకళలో డిగ్రీ) చేసి కాలేజీలో బొమ్మలు నేర్పే ఉద్యోగం చేస్తానంటోంది, మన గోదావరి జిల్లాల్లో దాంతో బతకొచ్చా అని అడిగారు కదండీ. కోనసీమలో ఒక ప్రైవేటు కాలేజీలో 19 ఏళ్లుగా నేను ఆ పనే చేస్తున్నాను. నా అనుభవం చెబుతాను.

ముందు చేదు మింగేద్దాం. మామూలు డిగ్రీ కాలేజీల్లో చిత్రలేఖనానికి విడిగా డిపార్ట్‌మెంట్ ఉండటం అరుదు. మా దగ్గర వారానికి కొన్ని క్లాసులు, అంతే. మిగతా టైములో వార్షికోత్సవం స్టేజీ వెనక తెర, అతిథి పేరుతో బ్యానరు, సంక్రాంతి ముగ్గుల పోటీకి జడ్జీ... అన్నీ మనవే. ఓసారి ఆఫీసు వాళ్ల స్కూటరు నంబరు ప్లేటు మీద అంకె చెరిగిపోతే దాన్నీ నా దగ్గరికే తెచ్చారు. రాసిచ్చాననుకోండి, అది వేరే సంగతి. లెక్కల మేస్టారిని ఎవరైనా కిరాణా పద్దు కూడిపెట్టమంటారా?

అయినా ఎందుకున్నావయ్యా అంటే, ఒక్క ఉదాహరణ చెబుతాను. మా పిల్లలంతా ఏటి పక్కన పుట్టినవాళ్లే. నదిని గీయమంటే మాత్రం అందరూ నీలం రంగే తీస్తారు. ఒక ఏడు శ్రావణంలో ఎర్రనీరు దిగింది. వరద కాస్త తగ్గాక గోదావరి పాయ వైనతేయ ఏటిగట్టు మీదకి తీసుకెళ్లాను. "నీళ్లంటే బ్లూ కదా మేస్టారూ" అంది ఒక పిల్ల. టీ కొట్టతన్ని తెల్ల సాసరు అడిగి, అందులో ఏటి నీళ్లు పోసి గట్టు మీద పెట్టాను. కాసేపటికి అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుంది, పైన నీళ్లు పల్చటి టీ రంగుకి తేరాయి. అప్పుడు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో ఎల్లో ఓకర్ అనే పసుపుమట్టి రంగు కలిపాం. మరీ ఇటుక రంగొచ్చేసింది. దాన్ని అణచడానికి ఏం కావాలో చెప్పండి? ఆ పిల్ల తెచ్చిన నీలమే, గుండుసూది తలంత. ఆ మొహం చూడాలండీ మీరు!

కొబ్బరిచెట్టూ అంతే. కర్రలా నిటారుగా గీసి పైన నక్షత్రం పెడతారు. కాలవ గట్టు చెట్లు వెలుతురు కోసం నీళ్ల మీదకి వంగుతాయి, ఎండుమట్టలు కిందకి వేలాడతాయి, ఆకులు ఈనె దగ్గర మడత పడతాయి. ఒక్క మట్ట ముందు గంటసేపు కూర్చోబెడితే ఆ తర్వాత వాళ్లకి నేను చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

వానాకాలం ఇంకో గోల. ముసురు పట్టిందంటే వాష్ (పల్చటి నీటిరంగు పూత) వేసిన కాగితం పూటంతా ఆరదు. నా జీతంతో కొన్న హెయిర్ డ్రయ్యరు నా బట్టతల మొహం ఎప్పుడూ చూళ్లేదు, క్లాసులోనే ఉంటుంది.

మనసు విరిగిన రోజూ ఉంది. 14 మంది పిల్లలు మూడు వారాలు కష్టపడి వరండా గోడ మీద లాకులు, పడవలు, కొబ్బరి దింపు వేశారు. ఏదో తనిఖీ బృందం వస్తుందని ఆదివారం పూట గోడంతా మీగడ రంగు కొట్టించేశారు. నాకు మాట మాత్రమైనా చెప్పలేదు. సోమవారం ఒకమ్మాయి గోడ మీద చెయ్యి ఆనించి "నా పడవ ఇక్కడ సార్" అంది. నేను అటెండెన్సు తీసుకున్నాను. ఇంకేం చెయ్యను?

ఏటా పిల్లల్ని రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళతాను. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు, 28 ఏళ్లు కూడా నిండలేదు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తించి బొంబాయిలో బొమ్మలు నేర్పే జె.జె. స్కూలు దారి పట్టించాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. చూశారా, కూల్డ్రే డ్రాయింగు టీచరు కాదు, ప్రిన్సిపాల్. మా గోడకి మీగడ రంగు కొట్టించినాయనదీ అదే హోదా.

ఇక మీ అమ్మాయి సంగతి. బి.ఎఫ్.ఏ. నాలుగేళ్లు, ఆ పైన పీజీ ఎం.ఎఫ్.ఏ. రెండేళ్లు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాదులో జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యూ. (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉన్నాయి. యూనివర్సిటీ పోస్టుల మీద కన్నుంటే విజువల్ ఆర్ట్స్‌లో నెట్ (లెక్చరర్ అర్హతకి పెట్టే జాతీయ పరీక్ష) రాయాలి. అందుకని ఎం.ఎఫ్.ఏ.లో 55 శాతం తగ్గకుండా చూసుకోమనండి. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు స్కూలు ఉద్యోగాలకి పనికొస్తాయి, కాలేజీకి కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

జీతం అడిగారు. మా లాంటి ప్రైవేటు చోట్ల దాని మీదే ఇల్లు గడవదు. నాకు సాయంత్రం ట్యూషన్లు, ఇంట్లో ఆవిడ ఉద్యోగం ఉన్నాయి కాబట్టి సరిపోయింది. నా సొంత బొమ్మలంటారా, పోయినేడాది రెండే పూర్తయ్యాయి. అందుకే ఆదివారాలు ట్యూషన్ మానేశాను. మీ అమ్మాయి స్కెచ్ బుక్కులోవి ఓ నాలుగు పేజీలు ఇక్కడ పెట్టండి, ఎలా గీస్తోందో చూసి చెబుతాను. ఇంటర్నల్స్ జరుగుతున్నాయి, జవాబు కాస్త ఆలస్యమవుతుంది.