గీజర్‌కి కాంటాక్టర్ అవసరమా, స్మార్ట్ స్విచ్ ఒక్కటి చాలదా?

గీజర్, నీళ్ల మోటారు ఫోన్‌తో వేసి ఆపుకోవాలని 16 ఆంప్స్ అని రాసి ఉన్న స్మార్ట్ స్విచ్‌లు రెండు కొన్నానని, వాటిని నేరుగా బిగించాలా లేక మధ్యలో కాంటాక్టర్ (చిన్న కరెంటుతో నడుస్తూ పెద్ద కరెంటుని కలిపి తెంపే గట్టి స్విచ్) పెట్టాలా అని, ఇంటికి కాంటాక్టర్ అంటే మరీ ఎక్కువ కాదా అని అడిగారు. పెట్టించండి. ఇంటికి ఎక్కువేమీ కాదు. పక్కన మనిషి లేకుండా, టైముకి దానంతట అదే ఆన్ అయ్యే పెద్ద లోడు ఏదైనా సరే, చిన్న స్విచ్ కాంటాక్టర్‌ని నడపాలి, కాంటాక్టర్ లోడుని నడపాలి. మా ఇంట్లో జరిగింది చెబితే ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో మీకే తెలుస్తుంది.

మా గీజర్ 3000 వాట్లది. 230 వోల్టులకి లెక్క వేస్తే 13 ఆంప్స్. స్విచ్ మీద 16 అని ఉంది, ఇంకా 3 ఆంప్స్ మిగులే కదా అనుకుని నేరుగా బిగించేశాను. పొద్దున 5 గంటలకి ఆన్, 5:30కి ఆఫ్. ఏడెనిమిది నెలలు ఏ గొడవా లేదు. ఎవరూ లేచి స్విచ్ వేయక్కర్లేదు, ఆపడం మర్చిపోయామనే టెన్షన్ లేదు. అలవాటైపోయి అసలు అటువైపు చూడడమే మానేశాం.

ఒకరోజు పొద్దున తొమ్మిది దాటాక అమ్మ స్నానాల గదిలోంచి కేకేసింది. "గీజర్ ఆపలేదేంట్రా?"

"అయిదున్నరకే ఆగిపోయిందమ్మా" అన్నాను. ఫోన్ తీసి చూస్తే అందులో కూడా ఆఫ్ అనే ఉంది.

"మరి ఆ ఎర్ర లైటు ఏంటి?"

వెళ్లి చూశాను. గీజర్ మీద లైటు నిజంగానే వెలుగుతోంది. ఫోన్‌లో ఆన్ నొక్కి, మళ్లీ ఆఫ్ నొక్కాను. మామూలుగా గోడలోంచి చిన్నగా 'టిక్' అని వినిపించేది. ఆ రోజు ఆ చప్పుడే లేదు. నాలుగైదు సార్లు నొక్కాను. ఫోన్ ప్రతిసారీ బుద్ధిగా ఆన్ అనీ ఆఫ్ అనీ చూపిస్తూనే ఉంది. గీజర్ లైటు మాత్రం కదలలేదు. స్విచ్ ప్లేటు మీద చెయ్యి ఆనిస్తే వేడిగా తగిలింది. బోర్డు దగ్గరికి పరిగెత్తి ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అదే తెగే స్విచ్) దించితే అప్పుడు ఆరింది ఆ లైటు.

టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకుని స్విచ్ ఊడదీశాను. ఒక టెర్మినల్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. లోపల అగ్గిపెట్టెలో సగం కూడా లేని రిలే ఉంది, కరెంటుని నిజంగా కలిపి తెంపేది అదే. దాని పైకప్పు బ్లేడుతో కోసి చూశాను. రెండు కాంటాక్టులు, అంటే కలిస్తే కరెంటు పారే లోహపు బిళ్లలు, ఒక్కొక్కటి కందిపప్పు బద్దంత ఉంటుందేమో, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. బ్లేడు మొన మధ్యలో దూర్చి తిప్పితే టప్‌మని విడిపోయాయి. ఒకదాని మీద చిన్న గుంట, ఎదుటిదాని మీద సరిగ్గా ఆ గుంటలో కూర్చునే బొడిపె. కరిగి అతికిన వెల్డింగ్ అది.

ఆ పూట థర్మోస్టాట్ సరిగా పనిచేసింది కాబట్టి నీళ్లు వేడెక్కినప్పుడల్లా కరెంటు తెగింది. దాని వెనక థర్మల్ కటౌట్ (థర్మోస్టాట్ పాడై నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు తెంపేది), ఆ వెనక ప్రెషర్ వాల్వు ఉంటాయి. కానీ అవన్నీ చివరి కాపలాదారులు. రోజూ వాటి మీద భారం వేసి పడుకోకూడదు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ వేడి కంటే ఫోన్‌లో చూసిన ఆఫ్ అనే మాట. ఆ స్విచ్ ఫోన్‌కి చెప్పేది తాను ఏ ఆజ్ఞ ఇచ్చిందో మాత్రమే. కాంటాక్టులు నిజంగా విడిపోయాయా లేదా అన్నది దానికే తెలియదు. ఇలాంటి చాలా స్విచ్‌ల తీరు ఇదే.

ఈ అతుక్కోవడం ఎందుకంటే, కాంటాక్టులు మూసుకునేటప్పుడు ఒక్కసారిగా కూర్చోవు. సెకనులో వెయ్యోవంతుల లెక్కలో రెండు మూడు సార్లు ఎగిరి పడతాయి. ఎగిరిన ప్రతిసారీ చిన్న మెరుపు, అక్కడ కాస్త లోహం కరుగుతుంది. చిన్న రిలేలో స్ప్రింగు బలం తక్కువ, కాంటాక్టు చిన్నది, మూసిన డబ్బాలో వేడి బయటికి పోదు. కాంటాక్టర్‌లో కాయిల్ (కరెంటు ఇస్తే అయస్కాంతమయ్యే తీగ చుట్ట) బలంగా లాగుతుంది, స్ప్రింగు గట్టిగా నొక్కుతుంది, విడిపోయేటప్పుడు చాలా రకాల్లో ఒకే ఫేజు రెండు చోట్ల తెగుతుంది. మెరుపు రెండు ముక్కలై తొందరగా చస్తుంది. అది కట్టిందే ఆ పనికి.

డబ్బాల మీద రాసే అంకెల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను మోసపోయింది అక్కడే. ఎంత ఆంప్స్ అన్నది సగం మాటే, ఏ రకం లోడుకి అన్నది మిగతా సగం. కాంటాక్టర్ మీద ఆ రెండో సగం కూడా ఉంటుంది. ఏసీ-1 అంటే హీటర్ లాంటి లోడు, ఏసీ-3 అంటే మోటారు. మార్కెట్లో బాగా కనిపించే ఒక సైజు కాంటాక్టర్‌నే తీసుకోండి, ఏసీ-3కి 9 ఆంప్స్ అని, ఏసీ-1కి 25 అని ఒకే ముక్క మీద రాసి ఉంటుంది. ఇళ్ల కోసం చేసిన సన్నటి మాడ్యులర్ రకం మీద ఏసీ-7ఎ, ఏసీ-7బి అని ఉంటుంది, మొదటిది హీటర్లకి, రెండోది మోటార్లకి. స్మార్ట్ స్విచ్ డబ్బా మీదేమో పెద్ద అక్షరాల్లో 16 ఆంప్స్ అని ఉంటుంది, ఏ లోడుకో ఉండదు. ఉన్నా లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొనేవాడికి దీనికంటే అన్యాయం లేదు. ఆ 16ని నేను ఇప్పుడు 8 అనే చదువుతాను, అంతకు మించి ఒక్క ఆంప్ కూడా దాని మీద పెట్టను. మీది 2000 వాట్ల గీజర్ అయితే 8.7 ఆంప్స్, నా లెక్కలో అదీ కాంటాక్టర్‌కి వెళ్లాల్సిందే.

నేను రెండు పోల్‌ల 25 ఆంప్స్ మాడ్యులర్ రకం పెట్టించాను. ఫేజూ న్యూట్రలూ రెండూ దాని గుండానే వెళ్తాయి, ఆఫ్ అయితే గీజర్‌కి రెండు వైపులా తెగిపోతుంది. ఎర్తు వైరు మాత్రం ఏ పోల్ గుండా పోకుండా నేరుగా గీజర్‌కి వెళ్లాలి. ఇప్పుడు స్మార్ట్ స్విచ్ మోసేది ఎ1, ఎ2 అని రాసి ఉన్న కాయిల్‌ని మాత్రమే. కాయిల్ లాగే క్షణంలో కూడా అర ఆంప్ ఉండదు, పట్టుకుని ఉన్నప్పుడు అంతకంటే చాలా తక్కువ. అయితే కాయిల్ ఆగినప్పుడల్లా ఒక వోల్టేజీ దెబ్బ వెనక్కి కొడుతుంది. దానికి స్విచ్ రీస్టార్ట్ అవుతుంటుంది, రిలే కాంటాక్టు కూడా మెల్లగా పాడవుతుంది. కాయిల్‌కి అడ్డంగా స్నబ్బర్ పెట్టమనండి, ఆ దెబ్బని మింగేసే చిన్న ముక్కే. ఇంకొకటి, న్యూట్రల్ అక్కర్లేదని చెప్పే స్మార్ట్ స్విచ్‌లు ఈ పనికి వద్దు. అవి ఆఫ్‌లో ఉన్నా కొంచెం కరెంటు వదులుతూనే ఉంటాయి, దానితో కాయిల్ గొణుగుతుంది, ఒక్కోసారి వదలనే వదలదు.

కాంటాక్టర్ కూడా అతుక్కోవచ్చు, అది నిజం. అందుకే సైజు ఒక మెట్టు పైది తీసుకోమంటాను. దాంతోపాటు పక్కన పెట్టే ఆక్సిలరీ కాంటాక్టు (మెయిన్ కాంటాక్టులు మూసుకుంటే తెరుచుకునే, అవి తెరుచుకుంటే మూసుకునే చిన్న కాంటాక్టు) ఒకటి పెట్టించుకోండి, మిర్రర్ కాంటాక్ట్ అని రాసి ఉన్న రకం. మెయిన్ కాంటాక్టుల్లో ఒక్కటి అతుక్కున్నా అది మూసుకోలేదు, దాని కట్టుబడే అంత. 21, 22 అని రాసి ఉండే ఆ టెర్మినళ్ల గుండా ఒక చిన్న పచ్చ లైటు వేయించాను. పచ్చ లైటు వెలిగితేనే గీజర్ ఆగినట్టు. అమ్మ ఇప్పుడు ఫోన్ అడగదు, ఆ లైటు చూసుకుని వెళ్తుంది. కాంటాక్టర్ పెట్టమని నేను చెప్పడానికి ఆంప్స్ కంటే పెద్ద కారణం ఇదే.

పెట్టించాక సుఖంగా ఉన్నామా అంటే, మొదటి వారం లేదు. బోర్డు పడకగది గోడకి ఆనుకుని ఉంది. తెల్లవారుజామున 5కి 'ఠక్' మని చప్పుడు, ఆ వెంటనే తుమ్మెద ఝుమ్మన్నట్టు మోత. కరెంటు 50 హెర్ట్జ్ అయితే ఆ మోత 100 మీద ఉంటుంది, ఎందుకంటే అయస్కాంతం ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు లాగుతుంది. కొంచెం మోత ఏసీ కాయిల్‌కి సహజం, ఇది మాత్రం గోడంతా పాకింది. కాయిల్ వోల్టేజీ తప్పు తెచ్చామేమో అని మీటరు పెట్టి చూశాను, సరిగానే ఉంది. చివరికి చూస్తే గోడకి రంధ్రాలు వేసినప్పుడు రాలిన సున్నం పొడి లోపలికి పోయి, అయస్కాంతం ముఖాలు రెండూ పూర్తిగా కలవడం లేదు. పొడి గుడ్డతో తుడిస్తే సగం తగ్గింది. నూనె మాత్రం పూయకండి, ఇంకా దుమ్ము పడుతుంది. మిగతా సగం కోసం కాంటాక్టర్ ఉన్న డబ్బాని వసారా గోడకి మార్పించాను. మీరు ముందే పడకగదికి దూరంగా పెట్టించుకోండి.

డబ్బా మార్చేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఒక స్క్రూని వేళ్లతో తిప్పితే పావు చుట్టు తిరిగింది. సన్నటి తీగల వైరుని మెలిపెట్టి, లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు తొడుగు) లేకుండా అలాగే దూర్చి బిగించారు. రోజూ వేడెక్కి చల్లారి తీగలు సర్దుకుని స్క్రూ వదులైంది. ఇంకో ఏడాది ఆగితే అదే టెర్మినల్ మాడి, తప్పంతా కాంటాక్టర్ మీద పడేది. బిగించాక ఒక్కసారి వైరు పట్టుకుని లాగి చూడరు, లగ్గు నొక్కే పనిముట్టు సంచిలో ఉండదు, అడిగితే "ఏం కాదండీ, ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పని అయ్యాక ఒక నెలకి మెయిన్ ఆపి మళ్లీ అన్ని స్క్రూలూ బిగించమని అడగండి. మొహమాటపడకండి. అలాగే కాంటాక్టులు నల్లబడ్డాయని ఎవరైనా ఆకురాయి తీస్తే ఆపండి. అది వెండి మిశ్రమం, నల్లబడినా పనిచేస్తుంది. రాస్తే పోయేది ఆ వెండే.

మోటారు సంగతి వేరు. మొదలయ్యే క్షణంలో అది మామూలు కంటే ఆరేడు రెట్లు లాగుతుంది, కాబట్టి ఏసీ-3 అంకె చూసే కొనాలి, మోటారు ఆంప్స్‌కి సరిపోయే ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటే ఆపేసేది) కూడా పెట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అది మొదలవకూడదు. స్టార్ట్, స్టాప్ బటన్లతో కాయిల్ తనని తానే పట్టుకునేలా వైరింగ్ చేస్తే కరెంటు పోగానే వదిలేస్తుంది, మళ్లీ ఎవరో ఒకరు నొక్కాలి. స్మార్ట్ స్విచ్ ఉంటే కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ మార్చండి. వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంది, అప్పుడు వెంటనే ఆపేయాలి, ఆ కొట్టుకోవడంలోనే కాంటాక్టులు కాలిపోతాయి.

గది చల్లబరిచే ఏసీకి మాత్రం ఈ పద్ధతి వద్దు. నడుస్తున్న కంప్రెసర్‌కి ఠక్కున కరెంటు తీసి వెంటనే ఇవ్వడం మంచిది కాదు, దాన్ని రిమోట్‌తోనే ఆపాలి. సోలార్ ప్యానెళ్ల డీసీ వైపు కూడా ఈ కాంటాక్టర్ వాడకండి, డీసీలో మెరుపు దానంతట ఆరదు. ఇక కాంటాక్టర్ ఉంది కదా అని ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపేది) తీసేస్తామనే వాళ్లు కూడా ఉన్నారు. కాంటాక్టర్ స్విచ్ మాత్రమే, రక్షణ ఇవ్వదు. షార్ట్ అయితే ముందు అతుక్కునేది అదే.

ఈలోగా మీరు ఇప్పటికే నేరుగా బిగించి ఉంటే, రేపు గీజర్ ఇరవై నిమిషాలు నడిచాక స్విచ్ ప్లేటుకి వేళ్ల వెనకవైపు ఆనించి చూడండి. వేడి తగిలితే ఆ పూటే ఎంసీబీ దించేసి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వేయకండి. గీజర్ మీద రాసి ఉన్న వాట్లు, మోటారు ప్లేటు మీద రాసి ఉన్న ఆంప్స్ కింద రాస్తే ఏ సైజు తీసుకోవాలో చెబుతాను.