ఒట్టి ప్రశ్నలడిగే సర్వేకి కూడా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా?

అడిగినవారు ఒడిశాలోని బరంపురంలో పీజీ విద్యార్థి. గోపాల్‌పూర్ వైపు తెలుగు మత్స్యకార పల్లెల్లో, వలస వెళ్లొచ్చిన కుటుంబాల ఆరోగ్యం మీద సర్వే చేస్తారట. రక్తం తీయట్లేదు కాబట్టి సర్పంచి ఉత్తరం చాలని గైడు అంటున్నారట.

చాలదండీ. పరిశోధనలో పాల్గొనే మనుషులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాల్సిందే. సర్పంచి ఉత్తరం మీరు ఊళ్లోకి అడుగుపెట్టడానికి పనికొస్తుంది. అంతే, ఒక్క మనిషి తరఫున కూడా అది ఒప్పుకోలు కాదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఊరిపెద్ద సరేనన్నాక కూడా ప్రతి మనిషినీ విడిగా అడగాల్సిందే.

ఇక "రక్తం తీయట్లేదు" అనే వాదన. ముప్పై గడపల పల్లెలో "సూరత్ నుంచి తిరిగొచ్చినవాడు, 34 ఏళ్లు, హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నాడు" అని థీసిస్‌లో ఒక్క వరుస రాస్తే చాలు, పేరు లేకపోయినా అతనెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. మినహాయింపు ఉన్నది మనుషుల వివరాలతో ముడిపడని, ముప్పు దాదాపు లేని పనులకే. అది కూడా మీరో గైడో తేల్చేది కాదు, దరఖాస్తు చూసి కమిటీ తేలుస్తుంది. పేర్లూ కోడ్ నంబర్లూ కలిపిన జాబితాను జవాబుల కాగితాలతో ఒకే ఫైల్లో పెట్టకండి. దాన్ని విడిగా తాళంలో ఉంచుతామని దరఖాస్తులోనే రాయండి.

కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు. అధ్యక్షులు బయటి సంస్థవారై ఉండాలి. న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రవేత్త, వైద్య, ఆరోగ్య రంగంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. కనీసం అయిదుగురు కూర్చోకపోతే సమావేశం చెల్లదు. ఆరోగ్య పరిశోధన చూసే కమిటీ 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదై ఉందో లేదో ముందే కనుక్కోండి. మీ దగ్గర కమిటీయే లేకపోతే, ఒప్పందం చేసుకుని మరో సంస్థ కమిటీకి పంపించవచ్చు.

అసలు చిక్కంతా కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకోలు పత్రం దగ్గరే వస్తుంది. ఆ పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, కానీ చాలామంది బడిలో నేర్చుకున్నది ఒడియా. మీరు ముచ్చటపడి తెలుగు లిపిలో అచ్చేయించిన ఫారం వాళ్లు చదవలేరు, ఒడియా ఫారం చదవగలిగినా సగం మాటలు ఇంట్లో వాడేవి కావు. ఒడియాలో ఫారం, నోటితో చెప్పడానికి వాళ్ల తెలుగులోనే రాసిన పాఠం, రెండూ కమిటీకి ఇవ్వండి. ఇంగ్లీషు నుంచి ఒకరు చేసిన అనువాదాన్ని, ఇంగ్లీషు మూలాన్ని చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి పోల్చండి. ప్రతి పేజీ మీదా వెర్షన్ నంబరూ తేదీ ఉండాలి. ఎవరో విదేశీ విశ్వవిద్యాలయం ఫారం దించేసి, ఊరి పేరు మాత్రం మార్చి పంపేవాళ్లకి ఈ బాధలేవీ పట్టవు. ఆ ఫారాలు కమిటీ నుంచి తిరిగొచ్చేదీ అందుకే.

చదవలేనివారు వేలిముద్ర వేస్తే, చదువొచ్చిన సాక్షి ఒకరు ఉండాలి. ఆ సాక్షికి మీ బృందంతో సంబంధం ఉండకూడదు. చివర్లో వచ్చి సంతకం గీకితే కుదరదు, మొదటి మాట నుంచి వేలిముద్ర దాకా పక్కనే కూర్చుని వినాలి. సర్వేకి ఇళ్లు చూపిస్తున్న ఆశా కార్యకర్తనే సాక్షిగా పెట్టుకోవద్దు. రెండొందల ఫారాల మీద ఒకే సాక్షి, ఒకే తేదీ, ఒకే కలం కనబడితే శుభలేఖల్లా పంచారని ఎవరికైనా అర్థమైపోతుంది. ఫారం కాపీ ఒకటి వాళ్ల చేతికివ్వండి.

ఇదంతా చాదస్తం అనేవాళ్లు ఖమ్మం సంగతి గుర్తు తెచ్చుకోవాలి. మల్కన్‌గిరి హద్దు దాటితే ఆనాటి ఖమ్మం జిల్లాయే. 2009లో అక్కడ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసి పరిశీలించారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో తేలిందేమిటంటే, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కన్నవాళ్లుండగా వార్డెన్ ఎవరు సంతకం పెట్టడానికి? టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరి మరణాలకి టీకా కారణం కాకపోవచ్చని విచారణలో తేల్చారు, అయినా ఆ సంతకాల తప్పు తప్పే. రాయగడ ఆశ్రమ పాఠశాలల్లో సర్వే చేసే వాళ్లు ఇప్పటికీ హెడ్‌మాస్టరు స్టాంపుతో సరిపెట్టాలని చూస్తారు. 18 లోపు వాళ్లకి తల్లి లేదా తండ్రి ఒప్పుకోలు కావాలి. దానిపైన 7 నుంచి 12 ఏళ్ల పిల్లలైతే నోటిమాటగా, ఆపై వయసువారైతే రాతపూర్వకంగా వాళ్ల ఇష్టం కూడా తీసుకోవాలి.

అనుమతి వచ్చాక ఒక్క ప్రశ్న చేర్చినా సవరణగా కమిటీకి మళ్లీ పంపాలి. సర్వేకి కూర్చున్నవాళ్లకి పోయిన కూలి ఇవ్వొచ్చు, అదెంతో దరఖాస్తులో ముందే రాయండి.

ఈలోగా పైలట్ (ముందస్తు నమూనా సర్వే) అని చెప్పి కొన్ని ఇళ్లు తిరిగేసి ఉంటే, ఆ కాగితాలు థీసిస్‌లో కలపకండి. జరిగిపోయిన పనికి వెనక తేదీతో కమిటీ అనుమతి ఇవ్వదు. జర్నల్ వాళ్లు అనుమతి నంబరూ తేదీ అడిగి, మీ మొదటి ఇంటర్వ్యూ తేదీ పక్కన పెట్టి చూస్తారు.