రీ: చిన్న విమానాలు టేకాఫ్‌లోనే ఎందుకు పడిపోతాయి?

రమణ గారూ, బేగంపేటలో ట్రైనింగ్‌లో ఉన్న మీ అబ్బాయిని మే నెల మధ్యాహ్నాలు ఎగరనివ్వడం లేదని, అది భయపడాల్సిన విషయమా అని అడిగారు. కాదు, ఆ ఇన్‌స్ట్రక్టర్ పని తెలిసిన మనిషి.

వేడికి గాలి పలచబడుతుంది. రెక్కలకు లిఫ్ట్ (పైకి లేపే బలం), ఇంజిన్‌కు పవర్ రెండూ తగ్గుతాయి. బేగంపేట సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తు. ఆ ఎత్తుకు విమానాల లెక్కల్లో వాడే ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీల లోపే. అంతకుమించిన ప్రతి డిగ్రీకీ అసలు ఎత్తుకు సుమారు 120 అడుగులు కలపాలి. అంటే 42 డిగ్రీల ఎండలో విమానం 5,300 అడుగుల పైన ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. రన్‌వే ఎక్కువ తింటుంది, మెల్లగా ఎక్కుతుంది.

అసలు ప్రాణం తీసేది మాత్రం వేరే. లేచీలేవగానే ఇంజిన్ ఆగితే రన్‌వే వైపు వెనక్కి తిప్పాలనిపిస్తుంది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో గట్టిగా తిప్పితే స్టాల్ అయిపోతుంది, అంటే రెక్కలు ఒక్కసారిగా లిఫ్ట్ కోల్పోతాయి, కోలుకునే ఎత్తుండదు. వెంటనే ముక్కు దించి వేగం కాపాడుకుని, ఎదురుగా కాస్త అటూఇటూ దొరికిన చోట దిగాలి. చుట్టూ ఇళ్లున్న బేగంపేటలో ఇది చెప్పినంత తేలిక కాదు, నిజమే.

ఏ ఎత్తు లోపు వెనక్కి తిప్పకూడదో ప్రతి టేకాఫ్‌కు ముందూ పైకి చెప్పుకుంటున్నాడా అని బాబును అడగండి. ఇంధనంలో నీళ్లున్నాయేమో రోజూ చూస్తున్నాడా అని కూడా.