మెక్సికో సిటీలో షష్టిపూర్తి విందు

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అబ్బాయి గ్వాదలహారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడుండగానే వాళ్ళ నాన్నగారికి అరవై నిండుతాయి. ఆ రోజు మెక్సికో సిటీ తీసుకెళ్ళి పుహోల్ అనే పెద్ద రెస్టారెంట్లో భోజనం పెట్టిస్తానని పట్టుబట్టాడు. మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. అక్కడ చీమలు, మిడతలు వడ్డిస్తారని మా చెల్లెలు ఫోన్లో చూపించింది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. వాడి మనసు నొప్పించకుండా వద్దనడం ఎలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దనకండమ్మా. వెళ్ళండి. కాకపోతే వెళ్ళే ముందు చెయ్యాల్సిన పని కొంత ఉంది, అది అబ్బాయి చేత చేయించండి.

మీ చెల్లెలు చూపించింది నిజమే. ఎన్రికే ఒల్వేరా 2000లో మొదలుపెట్టిన ఈ పుహోల్‌లో బాగా పేరుపడ్డ వంటకం ఒకటి ఉంది. ఎండిన సొరబుర్ర ఒకటి తెచ్చి ముందు పెడతారు. మూత తీస్తే పొగ లేస్తుంది. లోపల వేలెడంత లేత మొక్కజొన్న పొత్తులు, పుల్లలకి గుచ్చి ఉంటాయి. వాటికి పట్టించిన మయొనీస్‌లో కాఫీ, ఎండుమిర్చితో పాటు చికతానా అనే పెద్ద చీమల పొడి కలుస్తుంది. చెప్పకపోతే మొక్కజొన్నే కదా అని ఎవరైనా నోట్లో పెట్టేసుకుంటారు. వాహకా రాష్ట్రం వైపు మిడతలు వేయిస్తారు, కొన్ని చోట్ల చీమల గుడ్లు వెన్నలో వేపుతారు. ఇవేవీ వింత కోసం పెట్టినవి కావు. స్పెయిన్ వాళ్ళు అడుగుపెట్టక ముందునుంచీ అక్కడి జనం తింటున్న తిండి. మీరు తినకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, కానీ పక్క బల్ల మీద చూసి మాత్రం ముఖం చిట్లించకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది కంటికి కనపడని వాటి దగ్గర. చీమ ఉందా అని అడిగితే ఉందనో లేదనో చెప్పేస్తారు. పంది కొవ్వు సంగతి అలా కాదు, అది అక్కడ వంటనూనె లెక్క. నలిపి వేయించిన చిక్కుడు గింజల్లో, తమాలె (ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న వంటకం) పిండిలో అది ఉంటుంది. అన్నం కోడి ఉడికించిన నీళ్ళతో వండుతారు. మోలె అనే గ్రేవీకీ చాలాసార్లు అవే నీళ్ళు. మేం ఆ ఊళ్ళో కాపురమున్న రోజుల్లో ఒక పెద్ద హోటల్లో (పేరెందుకు లెండి) ‘వెజిటేరియనే’ అని నవ్వుతూ పెట్టిన చిక్కుడు గింజల్లో కొవ్వు వేశారని సగం తిన్నాక తెలిసింది. వడ్డించినాయన అబద్ధమాడలేదు. ముక్క లేకపోతే చాలు, అది శాకాహారమే అని ఆయన ఉద్దేశం. ఇంకొకటి: పళ్ళముక్కల మీద, గ్లాసు అంచున ఎర్రటి ఉప్పు అద్ది ఇస్తారు. మెస్కాల్ అనే మద్యంతో పాటు కమలాపండు ముక్కల మీద చల్లేదీ అదే. కిత్తలి మొక్కలో పుట్టే పురుగుని ఎండబెట్టి, మిరపకాయతో నూరి చేసేది ఆ ఉప్పు. మద్యం లేని పానీయం అడిగినా సరే, అంచున ఉప్పు వద్దని చెప్పండి.

అందుకని ‘శాకాహారులం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దని అబ్బాయికి చెప్పండి. టేబుల్ బుక్ చేసేటప్పుడే మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు, పంది కొవ్వు, కోడి నీళ్ళు, పురుగులు, ఇవేవీ వద్దని పేరుపేరునా రాయాలి. ‘కార్నే’ (మాంసం) వద్దంటే కోడి తెచ్చిపెట్టిన సందర్భాలు ఎన్నో. స్పానిష్‌లో ‘సిన్’ అంటే లేకుండా అని, కాబట్టి అదే వరసలో: సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కామరోన్, సిన్ వెవో, సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో, సిన్ ఇన్సెక్తోస్. ఇది కాగితం మీద రాసి మీ పర్సులో ఒకటి పెట్టుకోండి. అక్కడ ముందే నిర్ణయించిన వరసలో ఒక్కొక్క వంటకమే వస్తుంది, కాబట్టి ముందు తెలిస్తే వంటగది తన ఏర్పాటు తాను చేసుకుంటుంది. బల్ల దగ్గర కూర్చున్నాక చెప్తే పాపం వాళ్ళేం చేస్తారు, ఉన్నవాటిలోంచి ముక్కలు ఏరి ఇస్తారు. మీకు కావలసింది అది కాదు. మోలెలో ఏం వేశారో, చివర్లో వచ్చే చుర్రో అనే నూనెలో వేయించిన తీపి వంటకంలో గుడ్డు కలిపారో లేదో కూడా ముందే కనుక్కోమనండి. రెండ్రోజుల ముందు ఇంకోసారి ఫోన్ చేయించండి. ఇలా వివరంగా చెప్పినా సరైన జవాబు రాకపోతే నిక్షేపంగా వేరే చోటు వెతుక్కోవచ్చు. ఆ ఊళ్ళో మంచి వంటగదులకి కొదవలేదు.

రాత్రి భోజనం మాత్రం వద్దు, మధ్యాహ్నానికి మార్పించండి. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. గోదావరి గట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళకి మొదటి రోజు నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, రాత్రి పొద్దుపోయి తిన్నది అరగదు. పైగా అక్కడివాళ్ళు రెండు నుంచి నాలుగు మధ్యలో తినేదే అసలు భోజనం.

ఇక తినడానికి ఏముంటుందనేగా? బోలెడు. గుమ్మడిపువ్వులు, నాగజెముడు మట్టలు ముళ్ళు తీసి కాల్చినవి, నీలం మొక్కజొన్న పిండిలో చిక్కుడు గింజలు కూరి పెనం మీద కాల్చే త్లకోయో (కొవ్వు సంగతి అడిగాకే). వెర్దొలాగాస్ అని ఒక ఆకు పెడతారు, నోట్లో పెట్టుకోగానే గుర్తుపడతారు. అది మన గంగవాయిలి కూరే. తోటకూర జాతి ఆకులూ ఉంటాయి. నల్లగా ఉబ్బిన మొక్కజొన్న గింజలు కనిపిస్తే కంగారుపడకండి, అది వీత్లకోచె. మన రైతులు కాటుక తెగులంటారే, ఆ రకం బూజు పట్టిన పొత్తు. మనం పీకి పారేస్తాం, వాళ్ళు పుట్టగొడుగులా వండుకుంటారు. పుట్టగొడుగు తింటే అదీ తినొచ్చు. తాగడానికి ‘అగువా దె హమైకా’ అడగండి. ఎర్ర గోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. మీ వారికి నచ్చకపోతే నన్నడగండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి వాళ్ళు ఆ మధ్య మెక్సికో వెళ్ళొచ్చి ఫొటోలు చూపించారు. తెల్ల ప్లేటులో రెండు రంగుల గ్రేవీ, పక్కన రొట్టెలు. అంతే! దాన్ని ఏళ్ళ తరబడి వేడి చేస్తున్నారట. మనిషికి కొన్ని వేల పెసోలు. ఇది తిండా, ఫ్యాషనా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: తిండేనండీ, అందులోనూ చాలా శ్రద్ధగా చేసిన తిండి.

మీరు చూసింది మోలె మాద్రె. బయట నల్లటి పెద్ద వలయం పాత మోలె, మధ్యలో ఇటుకరంగు చుక్క ఈమధ్యే చేసిన కొత్త మోలె. మామూలు మోలెకే ఒక ఇల్లు ఇల్లంతా పని చెయ్యాలి. ప్వెబ్లా అనే ఊరి పద్ధతిలో ఆంచో, ములాతో, పసీయా అని మూడు రకాల ఎండుమిరపకాయలు, నువ్వులు, వేరుశనగలు, బాదం, కిస్మిస్, దాల్చినచెక్క, లవంగం, కొద్దిగా చాక్లెట్. ఒక్కొక్కటీ విడిగా వేయించాలి. మిరపకాయ ఒక్క క్షణం ఎక్కువ వేగితే మొత్తం చేదెక్కుతుంది. పుహోల్ వాళ్ళు దాన్ని అయిపోనివ్వకుండా కొత్తది కలుపుతూ, వేడి చేస్తూ వస్తున్నారు. వెయ్యి రోజులు ఎప్పుడో దాటిపోయాయి. నిన్నటి చేపల పులుసు ఇవాళ ఎందుకు బాగుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పాత మోలెలో ఇది ఫలానా దినుసు అని నాలుకకి విడిగా దొరకదు, తీపి, కారం, పొగ అన్నీ ఒకటైపోయి ఉంటాయి. పక్కన కొత్తది పెట్టేది ఆ తేడా తెలియడానికే. మాంసం ముక్క, కూరగాయ ఏదీ వేయకుండా, తోర్తియా అనే మొక్కజొన్న రొట్టెతో తుడుచుకుని తినమని ఇవ్వడానికి వంటవాడికి ఎంత ధైర్యం ఉండాలో ఆలోచించండి.

ఇక ఆ ‘రొట్టె’. మేముండే వీధి చివర తోర్తియా మిల్లు ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆడవాళ్ళు గుడ్డ సంచులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు, కిలోల లెక్కన తూచి ఇచ్చేవాళ్ళు. లోపల పెద్ద గంగాళాల్లో మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రాత్రంతా అలాగే వదిలేస్తారు. పొద్దున్నకి గింజ మీద పొట్టు వేళ్ళతో రుద్దితే జారిపోతుంది. కడిగి రుబ్బితే ముద్ద అవుతుంది. ఆ ముద్దని పల్చగా నొక్కి వేడి పెనం మీద వేస్తే అంచులు ముందు ఆరతాయి. రెండోసారి తిప్పాక మధ్యలో గాలి నిండి పొంగుతుంది. ఆ పొంగు చూసి పిండి కుదిరిందో లేదో చెప్పేస్తారు. పెద్ద రెస్టారెంట్లు చేసే పనీ ఇదే. ఏ ఊరి రైతు పండించిన ఏ రంగు గింజ అన్నది వాళ్ళు పట్టించుకుంటారు. డబ్బు ఎక్కువ పెడుతున్నది అందుకు.

సున్నం రుచి కోసం మాత్రమే కాదు. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే బి3 విటమిన్ ఒంటికి పట్టాలంటే ఈ సున్నపు నీళ్ళ పని జరగాలి. యూరప్ వాళ్ళు గింజలు తీసుకెళ్ళారు, పద్ధతి వదిలేశారు. మొక్కజొన్న మీదే బతికిన పేదలకి పెల్లాగ్రా పట్టుకుంది. చర్మం నల్లగా పగిలి, విరేచనాలై, చివరికి మతి చలించే జబ్బు. మీ వైపు పెద్దలకి ఇది తెలిసే ఉంటుంది. దక్కన్‌లో జొన్నలు తప్ప ఇంకేమీ దొరకని పేదల్లో ఇదే జబ్బు కనిపిస్తే, హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ గోపాలన్, ఆయన సహచరుడు దాని మీద పనిచేసి 1960లో ప్రచురించారు. ఒక రొట్టె వెనక ఇంత తెలివి ఉంది కాబట్టే నాకు దాని మీద గౌరవం.

డబ్బు సంగతికొస్తే, మంచి రెస్టారెంట్లకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ మెక్సికోలో మొదటిసారి వచ్చిన 2024లోనే పుహోల్‌కీ, కింతోనిల్ అనే ఇంకో రెస్టారెంట్‌కీ రెండేసి నక్షత్రాలిచ్చారు. కూర్చోవడానికి కుర్చీ కూడా లేని ఎల్ కలీఫా దె లియోన్ అనే తాకో (కూర పెట్టి మడిచిన తోర్తియా) కొట్టుకీ ఒకటిచ్చారు. నిలబడి తిని వచ్చెయ్యొచ్చు. అక్కడ పేరుపడ్డ తాకోలో ఉండేది గొడ్డు మాంసం, అది గమనించుకోండి.

ప్రశ్న: ఆంటీ, మా మామగారు ఇండియా నుంచి వచ్చారు. ఇక్కడ ఒక ఖరీదైన మెక్సికన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆయన చేత్తోనే తింటారు, కారప్పొడి డబ్బీ లేకుండా బయటికి రారు. ఎలా?
— ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబూ, తాకో చేత్తోనే తినాలి. ఎంత ఖరీదైన చోటైనా అంతే. ఫోర్క్‌తో పొడిచేవాళ్ళనే వింతగా చూస్తారు. గుడ్డలో చుట్టిన తోర్తియాలు వస్తాయి. ఒకటి తీసుకుని గుడ్డ మళ్ళీ కప్పెయ్యమనండి, లేకపోతే మిగతావి ఆరిపోయి గట్టిపడతాయి. డబ్బీ కారులో ఉంచండి. మిరపకాయ పుట్టిందే ఆ వైపు, మనదాకా వచ్చింది పోర్చుగీసు ఓడల మీద. ఆబనేరో అనే మిరపకాయతో చేసే సాల్సా (పచ్చడి లాంటిది) అడిగి తెప్పించండి. మొదట చెంచా కొసకి అంటినంతే వేసుకోమనండి. గుంటూరు కారం అలవాటున్న నాలుకకీ అది వేరే దారిలో వస్తుంది.

ప్రశ్న: అక్కా, సూపర్ మార్కెట్లో దొరికే మొక్కజొన్న పిండితో తోర్తియా చేస్తే విరిగిపోతోంది. ఎందుకని?
— విజయవాడ

జవాబు: ఆ పిండికి సున్నపు నీళ్ళ పని జరగలేదమ్మా, అందుకే అంటుకోదు. ‘మాసా హరీనా’ అని రాసి ఉన్న ప్యాకెట్టే కొనండి. కిళ్ళీ సున్నంతో ప్రయోగాలు వద్దు.

ప్రశ్న: మెక్సికోలో తినడం అయిపోయి ఎంతసేపు కూర్చున్నా బిల్లు తేలేదు. మమ్మల్ని చిన్నచూపు చూశారా? టిప్ ఎంతివ్వాలి?
— హైదరాబాద్

జవాబు: చిన్నచూపు కాదండీ, మర్యాద. అడక్కుండా బిల్లు పెడితే ఇక లేవండి అన్నట్టు. అక్కడ భోజనం తర్వాత గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటారు. ‘లా క్వెంతా, పోర్ ఫావోర్’ అంటే వెంటనే తెస్తారు. మెనూలో వేసిన ధరలోనే 16 శాతం పన్ను కలిసి ఉంటుంది. టిప్ పది నుంచి పదిహేను శాతం. అమెరికాలోలా ఇరవై అక్కర్లేదు. బిల్లులో ముందే కలిపేశారేమో ఒకసారి చూసుకోండి, బలవంతంగా వసూలు చెయ్యకూడదని అక్కడి చట్టం. సేవ బాగుంటే పదిహేను ఇవ్వండి. కార్డు మిషన్ తెచ్చినప్పుడు టిప్ ఎంత వెయ్యమంటారని అడుగుతారు, ‘కిన్సే’ అంటే పదిహేను.