వంగ కుండీలన్నింటిలో ఒక్క మొక్కపైనే పురుగులు ఎందుకు గుమిగూడతాయి?

మేడపై ఒకే వరుసలో పెట్టిన ఎనిమిది వంగ కుండీల్లో ఒక్క మొక్కపైనే చుక్కల పెంకుపురుగులన్నీ పోగవుతున్నాయని, పక్క మొక్కలను ముట్టడం లేదని, అలా ఎందుకు జరుగుతోందని మీరు అడిగారు. మీరు వర్ణించినవి వంగను తినే అక్షింతల పురుగులు. సైనిక్‌పురిలో మా మేడపైనా ఇదే జరిగింది. పైగా అక్షింతల పురుగులు పేనుబంకను తినే మిత్రపురుగులని ఎక్కడో చదివి ఉన్నందువల్ల మొదటి ఏడాది వాటిని నేనే కాపాడాను. రెండు వారాలకల్లా ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగలలేదు.

గుంపుకు మొదటి కారణం చాలా మామూలుది. తల్లి పురుగు పసుపుపచ్చని గుడ్లను ఆకు అడుగున ఒకేచోట, నిలబెట్టినట్టుగా, గుత్తిగా పెడుతుంది. వాటి నుంచి వచ్చిన ముళ్ల పిల్లపురుగులు ఆ ఆకునే గీకి తింటూ, ఆ మొక్కపైనే ప్యూపా దశకు చేరతాయి. కనుక మీరు చూస్తున్న గుంపులో చాలా భాగం బయటి నుంచి వచ్చినది కాదు, అక్కడే పుట్టి పెరిగిన సంతానం.

బయటి నుంచి వచ్చేవాటి సంగతి వేరు. ఆకు తినే పెంకుపురుగులకు మొక్క జాడ తెలియడంలో వాసనది పెద్ద పాత్ర. గడ్డి కోసినప్పుడు మనకు తగిలే పచ్చివాసన వంటిది కొరికిన ఆకు నుంచి చాలా ఎక్కువగా వెలువడుతుంది. బంగాళాదుంప ఆకును తినే కొలరాడో పెంకుపురుగులు ముట్టని మొక్క కంటే అప్పటికే కొరికిన మొక్కవైపే ఎక్కువగా వస్తాయి. వాటిలో మగది తన ఒంటి నుంచి కూడా ఒక వాసన విడిచి ఆడ, మగ రెండింటినీ రప్పిస్తుంది. వేరుశనగ వేళ్లను కొరికే వేరుపురుగుల తల్లి పురుగులు తొలకరి వానలు పడిన సాయంత్రాల్లో వేప, రేగు చెట్లపై ముసురుకోవడం మన ఊళ్లలో తెలిసిన దృశ్యమే: ఆ చెట్టే వాటికి భోజనశాల, పెళ్లిపందిరి కూడా.

సొర, దోస పాదులపై వాలే నారింజరంగు గుమ్మడి పెంకుపురుగును పిలిచేది మరీ విచిత్రం. దోసకాయను చేదెక్కించే కుకుర్బిటాసిన్ అనే పదార్థమే చాలా పురుగులను తరిమివేస్తూ, దీనికి మాత్రం ఆకలి పుట్టిస్తుంది.

ఈ కారణాలు తెలిశాక నేను మందు కొట్టడం మానేసి, కొరికిన మొదటి మొక్కపైనే దృష్టి పెడుతున్నాను. తెల్లవారుజామున పురుగులు మందకొడిగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల పళ్లెం కింద పట్టి కొమ్మను తడితే, అదిరిపడి చచ్చినట్టు నటిస్తూ అవే రాలిపడతాయి. ఆకుల అడుగున ఉన్న గుడ్ల గుత్తులను వేలితో నలిపివేయాలి. ఈ పని వారానికి రెండుసార్లయినా చేయకపోతే పళ్లెం వల్ల ప్రయోజనం తక్కువ. అయితే దులపడానికి ముందు ఒకసారి దగ్గరగా చూడండి: పేనుబంకను తినే అక్షింతల పురుగు వీపు నూనె రాసినట్టు మెరుస్తుంది, వంగను తినేదాని వీపు సన్నని నూగుతో మసకగా ఉంటుంది.