నీతి కథలు చెప్పినా పిల్లలు మారడం లేదు.. బెత్తం పట్టాల్సిందేనా?

ప్రశ్న: మెగా డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్‌ టీచర్‌)గా ఎంపికై ప్రకాశం జిల్లాలోని ఒక మండల పరిషత్‌ ప్రాథమిక పాఠశాలలో చేరాను. 3, 4 తరగతులు నావే. రోజూ ఎవరిదో ఒకరి రబ్బరో పెన్సిలో పోతుంది. అడిగితే ‘నేను కాదు టీచర్‌’ అంటారు. చిన్న గొడవకే బూతులు తిట్టుకుంటారు. నీతి కథలు చెబుతున్నా మార్పు లేదు. ‘బెత్తం లేనిదే వినరు’ అని సీనియర్లే కాదు, తల్లిదండ్రులూ అంటున్నారు. ఈ ఉద్యోగానికి నేను సరిపోనేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బెత్తం సంగతి తేల్చేద్దాం. విద్యాహక్కు చట్టం-2009లోని 17వ సెక్షన్‌ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గుంజీలు తీయించడం, ఎండలో నిలబెట్టడం లాంటివీ వద్దు. ‘కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మేడం’ అన్న తండ్రే బిడ్డ వీపున వాత కనిపిస్తే ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) దగ్గరికి వెళతాడు. మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు.

చట్టం లేకపోయినా నేను వద్దనే చెబుతాను. కారణం మీరు డీఎస్సీ కోసం చదివిందే. తప్పొప్పుల ఆలోచన పిల్లల్లో ఎలా ఎదుగుతుందో చెప్పే మనస్తత్వవేత్త కోల్‌బర్గ్‌ దశలు బిట్ల కోసం బట్టీ పట్టి ఉంటారు. తొలి దశలో పిల్లలకు తప్పంటే దెబ్బలు పడే పని. బెత్తం వాళ్లను అక్కడే ఉంచేస్తుంది. టీచర్‌ చూడకపోతే ఏదైనా చేయొచ్చు అనుకుంటారు.

మరో మనస్తత్వవేత్త పియాజే 1932లో ప్రచురించిన పరిశీలన కూడా గుర్తుచేసుకోండి. ఒకడు తలుపు తోస్తే, వెనకున్నవి తెలియక 15 కప్పులు పగిలాయి. ఇంకొకడు దొంగచాటుగా జామ్‌ తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పని అడిగితే, చిన్న పిల్లలు చాలావరకు 15 కప్పులవాడినే చూపించారు. ఉద్దేశం కాదు, నష్టమే చూశారు. మీ బడిలో మధ్యాహ్న భోజనం వేళ చూడండి. చెయ్యి తగిలి పక్కవాడి పళ్లెం బోర్లాపడితే ‘వీడే టీచర్‌!’ అని అందరూ ఒక్కసారే అరుస్తారు. కేకలేయకుండా ‘కావాలని తోశాడా, చూసుకోలేదా?’ అని అడగండి. వాడి చేతే శుభ్రం చేయించి, రెండోవాడికి మళ్లీ వడ్డింపించండి. ఆ రోజుకి నీతి పాఠం అదే.

ఇక పోయిన రబ్బరు. ‘ఎవరు తీశారు, నిజం చెప్పండి’ అని నలభై కళ్ల ముందు నిలదీస్తే ఎనిమిదేళ్ల పిల్లాడు అబద్ధమే చెబుతాడు. అక్కడ పెద్దవాళ్లయినా అంతే. ‘ఇంటర్వెల్‌ అయ్యేలోగా నా టేబుల్‌ మీద ఉండాలి, ఎవరు పెట్టారో అడగను’ అనండి. ఆ మాట మీద నిలబడండి, తర్వాత కూడా ఆరా తీయొద్దు. బ్యాగులు మాత్రం వెతకొద్దు. ఒకసారి దొంగ అని పేరు పడితే ఐదో తరగతి దాకా ఆ పిల్లాణ్ని వదలదు. అలాగే, పెన్సిల్‌ తేలేదని రోజూ తిట్లు తినే పిల్లలు ఎవరో గమనించండి. తరగతిలో ఒక డబ్బాలో నాలుగు పెన్సిళ్లు, రెండు రబ్బర్లు పెట్టి, వాడుకుని తిరిగి అందులోనే వేయమనండి. సగం దొంగతనాలు ఆగిపోతాయి.

మీరు అడగని విషయం ఒకటుంది. మీరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని లీడర్‌కి చెబుతున్నారా? చాలా బడుల్లో ఉన్నదే. చాక్లెట్‌ ఇస్తే పేరు చెరిపేస్తాడు, పడనివాడు నోరు తెరవకపోయినా రాసేస్తాడు. లంచం, పక్షపాతం మనమే నేర్పిస్తున్నాం! వెంటనే ఆపండి. రెండు తరగతులు ఒక్కరే చూస్తున్నారు కాబట్టి లీడర్‌ కావాలి, కానీ పుస్తకాలు పంచడానికి, వారానికొకరు చొప్పున.

బూతులకు అదిరిపడొద్దు, సగం మాటలకు అర్థం వాళ్లకే తెలియదు. ‘ఆ మాట బళ్లో వద్దు, ఏం జరిగిందో చెప్పు’ అంటే చాలు. తల్లిదండ్రుల సమావేశంలో అందరి ముందు ఫిర్యాదు చేయకండి, ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు పడతాయి. విడిగా పిలిచి, ముందు పిల్లాడి గురించి ఒక మంచి మాట చెప్పి మొదలుపెట్టండి. ఉన్నట్టుండి ముడుచుకుపోయిన పిల్లలు, ఒంటి మీద గాయాలతో వచ్చే పిల్లలు కనిపిస్తే మాత్రం అది క్రమశిక్షణ సమస్య కాదు. ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. 1098 చైల్డ్‌ హెల్ప్‌లైన్‌ ఉంది.

కథలు మానక్కర్లేదు. గొడవ జరిగిన వెంటనే మాత్రం చెప్పొద్దు, అది ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. ఇంకో రోజు చెప్పి, చివర్లో ‘దీనివల్ల తెలిసే నీతి..’ అనకుండా ‘నువ్వైతే ఏం చేసేవాడివి?’ అని అడగండి. వేమన పద్యాలు హాయిగా పాడించుకోండి.

సరిపోనేమో అనే అనుమానం మొదటి ఏడాది చాలామందికి వస్తుంది, దానికి ఉద్యోగం మానుకునే ఆలోచన వద్దు. పిల్లల ప్రవర్తన మీద నిజంగా ఆసక్తి ఉంటే, సర్వీసు కుదురుకున్నాక ఎన్‌సీఈఆర్‌టీ ఉపాధ్యాయులకు అందించే గైడెన్స్‌ అండ్‌ కౌన్సెలింగ్‌ డిప్లొమా గురించి ఆలోచించండి. ప్రవేశ నిబంధనలు, శాఖ అనుమతి ముందే చూసుకోండి. ఈలోగా ప్రభుత్వ దీక్ష యాప్‌లో ఉపాధ్యాయుల కోసం ఉన్న నిష్ఠ శిక్షణ మాడ్యూళ్లు ఉచితం. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్‌ కాంప్లెక్స్‌ సమావేశంలో ఈసారి ఈ రబ్బర్ల గొడవనే చర్చకు పెట్టండి, కొట్టకుండా నెట్టుకొస్తున్న సీనియర్లు ఎవరో అక్కడే తెలుస్తుంది.