ఏ గంటకు రాసిన సూచనో ముందు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, రాత్రి వాచ్ (కాపలా వంతు) నీదేనని, నీ ఓడ భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న వెచ్చని జలాల్లోనే తిరుగుతుందని తెలిసింది. అభినందనలు ఫోనులో చెప్పాను కదా. ఈ ఉత్తరం వాతావరణ సూచనల గురించే. తీరికగా చదువు.

బులెటిన్ రాగానే అందరి కళ్లూ గాలి వేగం మీదికి, అలల ఎత్తు మీదికి పరుగెత్తుతాయి. నువ్వు మాత్రం ముందు సమయం చూడు. అది యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది కాబట్టి ఓడ గడియారానికి మార్చి పక్కనే రాసుకో. సూచన విడుదలైన సమయం వేరు, అందుకు ఆధారమైన పరిశీలనల సమయం వేరు. రెండింటి మధ్య కొన్ని గంటల తేడా మామూలే. అది నీ తెర మీదికి చేరేసరికి మరికొంత కాలం గడుస్తుంది. 10 నాట్ల వేగంతో, అంటే గంటకు 10 నాటికల్ మైళ్ల చొప్పున కదిలే తుపాను ఆరు గంటల్లో 60 నాటికల్ మైళ్లు జరిగిపోతుంది. నువ్వు చూస్తున్న పటంలో అది ఇంకా పాత చోటే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఎల్ ఫారో అనే సరుకు ఓడ సంగతి నీకు తెలియాలి. 2015 అక్టోబర్ 1న బహామాస్ దగ్గర వాకీన్ తుపానులో ఆ ఓడ మునిగిపోయింది. అందులో ఉన్న 33 మందిలో ఒక్కరూ మిగలలేదు. బ్రిడ్జి మీదికి ఉపగ్రహం ద్వారా తాజా బులెటిన్లు అక్షరాల రూపంలో వస్తూనే ఉన్నాయి. కెప్టెన్ ఎక్కువగా నమ్ముకున్నది రంగుల పటాలు చూపే సాఫ్ట్‌వేర్‌ను. అందులోని సమాచారం గంటల కొద్దీ పాతది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి విచారణలో తేలిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. అందమైన పటం, సాదా అక్షరాలు రెండూ ముందున్నప్పుడు ఏది కొత్తదో చూసి దాన్నే నమ్ము.

ఇక అంకెల సంగతి. గాలి 20 నాట్లు అని రాస్తే అది కొన్ని నిమిషాల సగటు. మధ్యలో వచ్చే విసురు అంతకు 40 శాతం ఎక్కువగా, అంటే 28 నాట్లు ఉండవచ్చు. గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి ఆ విసురులో ఓడ మీద పడే బలం దాదాపు రెట్టింపు. అలల ఎత్తు కూడా అంతే. సూచనలో రాసేది అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు కాదు, మొత్తం అలల్లో ఎత్తైన మూడోవంతు అలల సగటు ఎత్తు. మూడు మీటర్లు అని రాసినచోట ఆరు మీటర్ల అల ఎప్పుడో ఒకటి వస్తుంది. డెక్కు మీదికి మనుషులను పంపేటప్పుడు ఆ ఒక్క అలనే లెక్కలోకి తీసుకో.

ఇంకొక చిక్కు ఉంది. ఒకే తుపానుకు రెండు కేంద్రాలు రెండు వేగాలు ఇస్తే కంగారు పడకు. అమెరికా కేంద్రాలు ఒక నిమిషం సగటు తీసుకుంటాయి, భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు, చాలా దేశాలు పది నిమిషాల సగటు. సగటు కాలం పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. తుపాను మాత్రం అదే.

నీ దగ్గరే ఉన్న పరికరాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గాలి పీడనం చూపే బారోమీటర్. ఉష్ణమండలంలో అది రోజుకు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగుతుంది. ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో పైకి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో కిందికి. ఈ ఎక్కుదిగుల తేడా మూడు హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. అందుకని మధ్యాహ్నం అది కాస్త దిగిందని కెప్టెన్‌ను లేపకు. గంటగంటకూ పుస్తకంలో రాసి, నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చు. ఈ రోజువారీ మార్పును తీసేశాక కూడా ఆ కాలానికి ఉండవలసిన సగటు కంటే మూడు తగ్గితే అనుమానించు. ఐదు తగ్గితే దగ్గరలో తుపాను ఉందనే అనుకో. ఉదయం పదింటికి ఎక్కవలసిన ముల్లు ఎక్కకుండా అలాగే నిలబడితే అది కూడా కబురే. బులెటిన్ ఏమీ లేదన్నా సరే, అప్పుడు నీ పుస్తకాన్నే నమ్ము.

రెండోది స్వెల్, అంటే దూరపు గాలులు లేపి పంపిన బారు అలలు. స్థానికంగా గాలి లేకపోయినా ఓడ నిదానంగా ఊగుతుంటే ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడు. దూరంగా నీటి మీద ఒక నురగ తెట్టును గుర్తుపెట్టుకుని, అది ఒక శిఖరం మీదికి ఎక్కినప్పటి నుంచి తర్వాతి శిఖరం ఎక్కేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టు. ఓడ పక్కకు తగిలే అలలను లెక్కిస్తే నీ వేగం కలిసి లెక్క తప్పుతుంది. ఆరేడు సెకన్లు వస్తే చాలావరకు అక్కడి గాలి అలలే. పద్నాలుగు వస్తే దూరాన ఎక్కడో పెద్ద గాలి ఉన్నట్టు. అలాంటి స్వెల్ 21 నాట్ల వేగంతో, రోజుకు 500 నాటికల్ మైళ్లు ప్రయాణిస్తుంది. చాలా తుపానులు అంత వేగంగా కదలవు కాబట్టి స్వెల్ వాటికంటే ముందే నీ దగ్గరికి చేరుతుంది.

ఉరుములతో వచ్చే ఈదురుగాలులను మాత్రం సూచనలో వెతకకు. సూచన తయారుచేసే కంప్యూటర్ నమూనాలు సముద్రాన్ని పెద్ద గళ్లుగా విడగొట్టి లెక్కిస్తాయి, ఆ గళ్లకు ఇవి చాలా చిన్నవి. "అక్కడక్కడ ఉరుములతో జల్లులు" అన్న ఒక్క వాక్యంలోనే అవన్నీ ఉంటాయి. రాత్రివేళ రాడార్ మీద వాన ముద్దలను గమనిస్తూ ఉండు. చల్లగాలి ఒక్కసారిగా ముఖానికి తగిలిందంటే ఇక నిమిషాలే.

తుపాను ఉన్న రోజున పటం మీద దాని దారిని ఒక గీతగా గీయకు. సూచించిన స్థానానికి చుట్టూ 34 నాట్ల గాలి ఎంత దూరం ఉందో చూసి, దానికి 24 గంటలకైతే 100, 48 గంటలకైతే 200, 72 గంటలకైతే 300 నాటికల్ మైళ్లు కలిపి వృత్తం గీయి. నీ ఓడ ఆ వృత్తాల బయటే ఉండాలి. ఇప్పటి సూచనల సగటు పొరపాటు ఇంతకన్నా తక్కువే. అయినా సగటును నమ్మి వృత్తాన్ని చిన్నది చేయకు. తుపానుకు ముందు నుంచి అడ్డంగా దాటిపోవచ్చన్న ఆశ అసలే వద్దు. ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం నీ కుడివైపు, దక్షిణంలో ఎడమవైపు. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో ఈ నియమం పనిచేయదు. అక్కడ తుపానులు పుట్టడం అరుదే గాని, 2001 డిసెంబర్‌లో వామీ తుపాను ఒకటిన్నర డిగ్రీల అక్షాంశం దగ్గరే పుట్టింది.

చివరగా, చెప్పడానికి జంకకు. ఎల్ ఫారోలో రాత్రి వాచ్ అధికారులు కెప్టెన్‌కు ఫోను చేసి దారి మార్చే మాట ఎత్తారని బ్రిడ్జి రికార్డింగులో ఉంది. దారి మారలేదు. కాబట్టి నువ్వు ఫోను చేసేటప్పుడు "నాకు భయంగా ఉంది" అనకు. సూచన ఏ గంటదో, కేంద్రం ఎంత దూరంలో ఉందో, ఈ వేగంతో ఎప్పటికి ఎంత దగ్గరవుతామో ఆ మూడూ చెప్పు. అప్పటికీ సందేహం తీరకపోతే కెప్టెన్‌గారిని బ్రిడ్జి మీదికి వచ్చి పటం చూడమని మర్యాదగా అడుగు. అడగడం నీ బాధ్యతే.

మొదటి వారం బారోమీటర్ అంకెలు గంటగంటకూ రాసి నాకు పంపు. ఏది రోజువారీ మార్పో, ఏది కాదో కలిసి చూద్దాం.

నీ పెదనాన్న